డ్రిల్లింగ్ మిషను సతాయిస్తే: బిట్టు నుంచి మోటారు దాకా వరసగా చూసుకునే పద్ధతి

బెజ్జం పెద్దదైపోతోందనో, బిట్టు ఊగుతోందనో అనగానే మన షెడ్లలో మొదట వినిపించే మాట "బేరింగులు పోయాయన్నా". వెంటనే మిషను తల విప్పేస్తారు, ఒక పూట పని ఆగిపోతుంది, కొత్త బేరింగులు ఎక్కించి మళ్లీ నడిపితే బిట్టు అలాగే ఊగుతుంది. తప్పు బిట్టు సానలోనో, బిట్టుని పట్టుకునే చక్ మూతిలోనో ఉంటే బేరింగు మార్చి లాభమేముంది? ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా ఈ మిషన్లతోనే పని చేస్తున్నాను కాబట్టి ఒకటి గట్టిగా చెప్పగలను. డ్రిల్లింగ్ మిషనును ఎప్పుడూ కింది నుంచి పైకి చూసుకుంటూ వెళ్లాలి. ముందు బిట్టు, తర్వాత చక్, ఆ పైన టేపరు (చక్ ఎక్కి బిగుసుకునే వాలు భాగం), స్పిండిలు (తిరిగే ఇరుసు), బేరింగులు, బెల్టు, చివర్లో మోటారు. కింద ఉన్నవి చవక, నిమిషాల్లో తేలిపోతాయి. పైకి వెళ్లేకొద్దీ ఖర్చూ, విప్పే పనీ పెరుగుతాయి.

ఇక్కడ రాసేది మన దగ్గర ఎక్కువగా కనిపించే రెండు రకాల గురించి: బల్ల మీద పెట్టుకునే, 13 ఎంఎం బిట్టు దాకా పట్టే సింగిల్ ఫేజ్ మిషను, నేల మీద నిలబడే 20 లేదా 25 ఎంఎం త్రీ ఫేజ్ పిల్లర్ డ్రిల్లు. లోపలి నిర్మాణం రెండింటికీ దాదాపు ఒకటే.

చెయ్యి పెట్టే ముందు

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి. త్రీ ఫేజ్ అయితే మెయిన్ దించి ఫ్యూజులు జేబులో వేసుకోండి. మీరు కవరు తీసి బెల్టు మీద వేళ్లు పెట్టి ఉన్నప్పుడు తెలియని కుర్రాడు వచ్చి పచ్చ బటన్ నొక్కడం నేను కళ్లారా చూశాను. అదృష్టం బాగుండి అప్పుడు కరెంటు లేదు.

బెజ్జం వేసేటప్పుడు చేతికి గ్లౌజులు వద్దు, మెడలో తువ్వాలు వద్దు, పొడుగు చేతుల చొక్కా అయితే మోచేతి పైకి మడవండి. చక్ కీని చక్‌లో వదిలేయకూడదు, బిగించిన చెయ్యి కీ తీసేదాకా దాన్ని వదలకూడదు. పొట్టు తియ్యడానికి బ్రష్ వాడండి, అదీ మిషను ఆపిన తర్వాతే. పీసుని చేత్తో పట్టుకోవద్దు. మా షెడ్డులో ఒకసారి 3 ఎంఎం మందం ఫ్లాటు, రెండడుగుల ముక్క, "చిన్న బెజ్జమే కదా మేస్త్రీ" అని పట్టుకునే వేశాడు ఒక అబ్బాయి. పైన అంతా బాగానే కోసింది. బిట్టు కొస కింది నుంచి బయటపడే ఆ అర సెకనులో అంచు పట్టేసింది, ఫ్లాటు మొత్తం ఫ్యాను రెక్కలా తిరిగి అతని ముంజేతిని చీల్చింది. ఏడు కుట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి మా టేబుల్ మీద వైసు ఎప్పుడూ బోల్టు వేసే ఉంటుంది. పొడుగు పీసు అయితే క్లాంపు వేస్తాం, అదీ కుదరకపోతే పీసు ఎడమ వైపు కాలమ్‌కి ఆనేలా పెడతాం, పట్టేసినా అక్కడే ఆగిపోతుంది.

మొదటి అనుమానం బిట్టు మీద

మిషను సంగతి పొట్టు చెబుతుంది. 10 ఎంఎం బిట్టుతో మైల్డ్ స్టీలు ముక్క మీద ఒక బెజ్జం వేస్తూ చూడండి. బిట్టుకున్న రెండు గాడుల నుంచీ ఒకే మందంలో రెండు చుట్టలు జంటగా పైకి లేస్తుంటే సాన బాగున్నట్టే. ఒక వైపు చుట్ట వస్తూ రెండో వైపు పొడి మాత్రమే రాలుతుంటే ఒక అంచే కోస్తోందన్నమాట. అప్పుడు బిట్టు పక్కకి నెట్టుకుంటూ తిరుగుతుంది కాబట్టి 10 ఎంఎం బెజ్జం 10.3కో 10.4కో తేలుతుంది. బేరింగుల మీద పడే నిందల్లో చాలా వాటికి మూలం ఇదే.

సాన పట్టేటప్పుడు మూడు చూడాలి. రెండు అంచుల పొడవు సమానంగా ఉండాలి. రెండింటి కోణం సమానంగా ఉండాలి, మామూలు ఇనుముకి మొత్తం 118 డిగ్రీలు, స్టెయిన్‌లెస్‌కీ గట్టి ఉక్కుకీ 135. అంచు వెనక భాగం 8 నుంచి 12 డిగ్రీలు కిందికి వాలాలి. ఈ వాలు లేకపోతే బిట్టు ఎంత నొక్కినా కోయదు, గీరుకుంటూ వేడెక్కి నీలం తిరుగుతుంది. వాలు మరీ ఎక్కువైతే అంచు బలహీనపడి పెచ్చులూడుతుంది. గేజి లేదా? ఒకే సైజు హెక్స్ నట్టులు రెండు తీసుకుని చదును వైపులు ఆనించి పక్కపక్కన పెట్టండి, మధ్యలో ఏర్పడే వి ఆకారం సరిగ్గా 120 డిగ్రీలు. బిట్టు కొసను అందులో పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే ఏ అంచు తక్కువో తెలిసిపోతుంది.

ఇక స్పీడు. బెల్టు పుల్లీ ఏ మెట్టు మీద ఉంటే అన్ని సైజులూ దాని మీదే లాగించేయడం మన దగ్గర పెద్ద అలవాటు. లెక్క చాలా సులువు: హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్టుతో మైల్డ్ స్టీలుకి 8000ని బిట్టు సైజుతో భాగించండి. 10 ఎంఎంకి 800 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు), 5 ఎంఎంకి 1600, 20 ఎంఎంకి 400. ఇది నిమిషానికి 25 మీటర్ల కటింగ్ స్పీడు లెక్క. స్టెయిన్‌లెస్‌కి అందులో సగం, అల్యూమినియానికి రెట్టింపు పైన పెట్టుకోవచ్చు. మీ మిషనులో సరిగ్గా ఆ స్పీడు లేకపోతే దగ్గరలో ఉన్న తక్కువ మెట్టు మీద వేయండి. స్టెయిన్‌లెస్‌తో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. భయపడి మెల్లగా ఆనించి తిప్పితే పైపొర గట్టిపడిపోయి ఆ తర్వాత ఏ బిట్టూ దిగదు, కాబట్టి స్పీడు తక్కువ, ఒత్తిడి గట్టిగా, కటింగ్ ఆయిల్ ధారాళంగా.

బెజ్జం గుర్తు దగ్గర పడకుండా పక్కకి జరిగిపోతుంటే సెంటర్ పంచ్ గట్టిగా కొట్టండి, సెంటర్ డ్రిల్లుతో మొదలుపెట్టండి. 12 ఎంఎం దాటిన బెజ్జాలకి ముందు చిన్న బెజ్జం వేసుకోవాలి, దాని సైజు పెద్ద బిట్టు కొసన ఉండే మధ్య గీత వెడల్పుకి కొంచెం ఎక్కువగా ఉంటే చాలు. పల్చటి రేకు మీద బెజ్జం మూడు మూలలుగా వస్తోందంటే మిషను తప్పు కాదు. బిట్టు పూర్తిగా కూర్చోకముందే కొస కిందికి దిగిపోయింది. రేకు కింద చెక్క పెట్టి రెండూ కలిపి క్లాంపు వేయండి, లేదా స్టెప్ డ్రిల్లు వాడండి. ఇత్తడిలో బిట్టు లాగేసుకుంటుంటే కోసే అంచు ముందు ముఖాన్ని చిన్న ఆకురాయితో కొద్దిగా చదును చేయండి, తినేయడం ఆగి గీరడం మొదలవుతుంది. ఆ బిట్టుకి రంగు పూసి ఇత్తడికే విడిగా ఉంచుకోండి.

చక్ సరిగ్గా పట్టుకుంటోందా

మంచి బిట్టు పెట్టినా ఊగుతోందంటే ఇప్పుడు చక్‌ని అనుమానించాలి. ముందు బిట్టు కాడ చూడండి. చక్‌లో జారి తిరిగిన బిట్టు కాడ మీద చుట్టూ గీతలు, లేచిన మెరకలు ఉంటాయి, అలాంటి కాడ తిన్నగా కూర్చోదు. ఆకురాయితో మెరకలు తీసేయండి. చక్ జాలను, అంటే బిట్టుని పట్టే పళ్లను, పూర్తిగా తెరిచి లోపల ఇరుక్కున్న రజను బ్రష్‌తో, కొద్దిగా కిరసనాయిలుతో కడిగేయండి. బిగించేటప్పుడు ఒక్క కంతలో కాదు, మూడు కంతల్లోనూ కీ పెట్టి వరసగా బిగించాలి. ఇంత మాత్రానికే ఊగడం తగ్గిన మిషన్లు చాలా చూశాను.

అప్పటికీ తగ్గకపోతే డయల్ గేజి తీయాలి. 0.01 ఎంఎం చూపించే మామూలు గేజి, అయస్కాంతం స్టాండు ఉంటే చాలు, లేకపోతే పక్క లేతు షెడ్డులో ఒక గంటకి అడిగితే ఎవరైనా ఇస్తారు. తిన్నగా ఉన్న 10 ఎంఎం సిల్వర్ స్టీలు రాడ్డు చక్‌లో బిగించి, స్టాండు టేబుల్ మీద పెట్టి, గేజి ముల్లుని చక్ కింద 25 ఎంఎం దగ్గర రాడ్డుకి ఆనించండి. బెల్టు వదులు చేసి చక్‌ని చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎంత నడిచిందో అది మీ ఊపు. మా షెడ్డు లెక్కలో 0.10 లోపు అయితే ఫ్యాబ్రికేషన్ పనికి ఢోకా లేదు. 0.15 దాటితే ఎక్కడో తేడా ఉంది.

ఎక్కడన్నది పట్టుకోవాలంటే చక్ తీసేసి గేజి ముల్లుని నేరుగా స్పిండిలు టేపరు మీద ఆనించి మళ్లీ తిప్పండి. టేపరు 0.02 దగ్గర ప్రశాంతంగా తిరుగుతూ రాడ్డు మాత్రం 0.20 ఊగుతోందా? తప్పు చక్‌దో చక్‌నీ స్పిండిలునీ కలిపే ఆర్బర్‌దో. ఆర్బర్‌కీ ఇలాగే గేజి పెట్టి చూడండి. టేపరే ఊగుతోందంటే కథ పైకి వెళ్తుంది, స్పిండిలు వంగిందో బేరింగు అరిగిందో తేలాలి. చక్ జాలు మూతి దగ్గర గంటలా విచ్చుకుపోయి ఉంటే రిపేరు అని తంటాలు పడకండి. కొత్త చక్ కొనడమే చవక.

చక్ ఊడి పడిపోతుంటే

ఇది విడిగా చెప్పుకోవాల్సిన బాధ, ఎందుకంటే దీనికి జరిగే వైద్యం రోగం కంటే ఘోరంగా ఉంటుంది. కాగితం చుట్టి ఎక్కిస్తారు, జిగురు పూస్తారు, ఆఖరికి వెల్డింగు చుక్క పెట్టినవాళ్లూ ఉన్నారు. టేపరు పట్టు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఇవేవీ చేయరు. ఎంటీ2 (మోర్స్ టేపరు 2) వాలు దాదాపు 20కి 1. అంత సన్నటి వాలు కాబట్టే రెండు లోహాలు ఒళ్లంతా ఒకదానికొకటి ఆనుకుని, ఆ రాపిడితోనే బిగుసుకుంటాయి. మధ్యలో కాగితం పెట్టినా, గ్రీజు పూసినా, ఒక్క రజను ముక్క ఇరుక్కున్నా ఆనుకునే చోటు పోతుంది. పై చివరన ఉండే చదును తోక ప్రధానంగా డ్రిఫ్టు అనే చీల కొట్టి దించడానికే, చక్‌ని పట్టి ఉంచే పని దానిది కాదు.

చేయాల్సింది ఇది. స్పిండిలుని కిందికి దించి పక్కనున్న పొడుగు కంతలో డ్రిఫ్టు పెట్టి, గుండ్రటి అంచు పైకి ఉండేలా చూసుకుని, సుత్తితో ఒకటి వేయండి. కింద చెక్క ముక్క పెట్టడం మరవద్దు, చక్ టేబుల్ మీద పడితే రెండూ పాడవుతాయి. ఆర్బర్‌నీ, స్పిండిలు లోపలి టేపరునీ థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. వేలు లోపల పెట్టి గోటితో తడమండి. కంటికి కనపడని మెరక గోటికి తగులుతుంది. ఆ మెరకను మాత్రమే సన్నటి ఆకురాయితో తీసేయండి, టేపరంతా ఎమరీ పేపరుతో రుద్దారంటే ఆకారమే పోతుంది. ఆర్బర్ మీద పొడవునా మార్కింగ్ బ్లూ అనే నీలి రంగుతో మూడు గీతలు గీసి, లోపల పెట్టి ఒక్కసారి కొద్దిగా తిప్పి తీయండి. గీతలు పొడవంతా చెదిరితే టేపరు బాగుంది. ఒక కొసనే చెదిరితే అక్కడే ఆనుతోంది, ఆర్బర్ మార్చాలి, లేదా టూల్ రూములో టేపరు రీమరు వేయించాలి. బ్లూ మొత్తం తుడిచేసి ఆరిపోయాక చక్ జాలను పూర్తిగా లోపలికి ముడుచుకునేలా తిప్పేయండి. తోకను కంతకి సరిచూసుకుని ఒక్క ఊపున పైకి ఎక్కించి, కింద నుంచి చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేయండి. జాలు బయట ఉండగా కొడితే దెబ్బ వాటికి తగిలి చక్ లోపలి మరలు పోతాయి.

ఊడేది ఆర్బర్ స్పిండిలు దగ్గర కాదు, చక్ ఆర్బర్ దగ్గర అయితే పద్ధతి ఇదే. అక్కడ ఉండేది బీ16 లాంటి పొట్టి టేపరు, దాన్ని విడదీయడానికి జత చీలలు దొరుకుతాయి. రెండు వైపుల నుంచీ ఒకేసారి బిగించాలి. ఇంకో మాట: పక్కకి లాగే పనులు, అంటే చక్‌లో మిల్లింగ్ కట్టర్ పెట్టి గాడి తీయడం లాంటివి చేస్తే ఎంత బాగా కూర్చున్న టేపరైనా ఊడుతుంది. డ్రిల్లింగ్ మిషను కిందికి నొక్కడానికే పుట్టింది.

స్పిండిలు, బేరింగులు

హ్యాండిల్ తిప్పి స్పిండిలుని 50 ఎంఎం కిందికి దించి పట్టుకోండి, రెండో చేత్తో చక్‌ని ముందుకీ వెనక్కీ లాగండి. టక్కు టక్కుమని కదిలితే రెండు కారణాలు. స్పిండిలుని మోసే గొట్టం, అంటే క్విల్లు, తల పోతలో వదులైంది. లేదా బేరింగు అరిగింది. వేలిని క్విల్లుకీ తలకీ మధ్య సందులో ఆనించి లాగి చూడండి. క్విల్లే కదులుతుంటే తల పక్కన ఉండే సర్దుబాటు స్క్రూ చెక్‌నట్టు వదులు చేసి, స్క్రూని పావు చుట్టు చొప్పున బిగించండి. క్విల్లు బరువుగా దిగడం మొదలైతే కొద్దిగా వెనక్కి తీయండి. క్విల్లు కదలకుండా కింద స్పిండిలు మాత్రమే కదులుతుంటే బేరింగే.

బెల్టు తీసేసి స్పిండిలుని చేత్తో తిప్పి చూడటం ఇంకో మంచి పరీక్ష. బాగున్న బేరింగు వెన్న మీద తిరిగినట్టు తిరుగుతుంది. పోయినదయితే వేళ్లకి గరుకుగా, ఇసుక మీద తొక్కినట్టు తెలుస్తుంది. మార్చేటప్పుడు పాత బేరింగు మీద చెక్కిన నంబరే చూసి తెచ్చుకోండి, 6203 అయితే 6203. రజను లోపలికి పోకుండా రబ్బరు మూత ఉన్న రకం అడగండి. ఇరుసు మీద ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే నొక్కాలి, గూట్లోకి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే. తప్పు రింగు మీద కొడితే దెబ్బ గోళీల గుండా పోయి కొత్త బేరింగు మొదటి రోజే గీ పెడుతుంది.

హ్యాండిల్ వదిలినా స్పిండిలు పైకి లేవకపోతే పక్క డబ్బీలో ఉండే రిటర్న్ స్ప్రింగు వదులైంది, లేదా తెగింది. ఇక్కడ మాత్రం తోలు గ్లౌజు వేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. మిషను ఎలాగూ ఆగే ఉంది. డబ్బీని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని నట్టు వదులు చేసి, ఒక గాడి నుంచి పక్క గాడికి తిప్పి మళ్లీ బిగించండి. పట్టు వదిలితే స్ప్రింగు కత్తిలా బయటికి విసురుతుంది.

బెజ్జం వాలుగా పడుతుంటే

ఊపేమీ లేకపోయినా బెజ్జం ఏటవాలుగా పోతుంటే టేబుల్ చూడాలి. గట్టి తీగ ఒకటి మెట్టులా వంచి చక్‌లో బిగించండి, కొస టేబుల్‌కి తగిలీ తగలనట్టు దించండి. చక్‌ని చేత్తో తిప్పుతూ కుడి, ఎడమ, ముందు, వెనక నాలుగు చోట్లా కింద సందు ఎంతుందో ఫీలర్ గేజితో చూడండి. 200 ఎంఎం వెడల్పులో ఒక ఎంఎం తేడా ఉంటే 50 ఎంఎం లోతు బెజ్జం పావు ఎంఎం పక్కకి తేలుతుంది. కుడిఎడమల తేడా అయితే టేబుల్ కింద పెద్ద బోల్టు వదులు చేసి సరిచేసుకోవచ్చు. ముందువెనకల తేడాకి చాలా మిషన్లలో సర్దుబాటు ఉండదు, బ్రాకెట్టు మధ్య పల్చటి రేకు ముక్క పెట్టాల్సి వస్తుంది. ఏం చేసే ముందైనా కాలమ్ లాక్ బిగించారో లేదో చూసుకోండి, అది మరిచిపోయి గంటసేపు తీగతో కుస్తీ పట్టినవాళ్లని చూశాను.

వణుకు, చప్పుడు

బెల్టు తీసేసి మోటారు ఒక్కటే నడపండి. వణుకు పోతే బెల్టుదో పుల్లీదో, ఉంటే మోటారుదో దాని బోల్టులదో. చాలాకాలం ఒకే చోట ఆగిపోయిన బెల్టుకి పుల్లీ వంపు ముద్రపడి, తిరిగిన ప్రతిసారీ అక్కడ ఎగురుతుంది. పది నిమిషాలు నడిపినా పోకపోతే మార్చేయండి. బెల్టు గాడి పక్కగోడల మీద పట్టాలి, అడుగున కాదు. గాడి అడుగు మెరుస్తోందంటే బెల్టు అరిగి కిందికి దిగిపోయింది, ఎంత బిగించినా జారుతూనే ఉంటుంది. బిగుతు సంగతికొస్తే మధ్యలో బొటనవేలితో నొక్కితే 10 నుంచి 12 ఎంఎం దిగితే చాలు. ఎక్కువ బిగిస్తే బేరింగులు తినేస్తుంది. రెండు పుల్లీల మీదా స్టీలు స్కేలు పెట్టి ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. టకటకమని లయగా కొట్టుకుంటుంటే పుల్లీని ఇరుసుకి పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ వదులైంది. ఆలస్యం చేస్తే కీ-గాడి అరిగి ఇరుసే పోతుంది.

మోటారు మొండికేస్తే

సింగిల్ ఫేజ్ మోటారు ఊఁ అంటూ తిరగకపోతే వెంటనే ఆపండి, పది సెకన్లు ఉంచినా వైండింగు వేడెక్కుతుంది. బెల్టు తీసి మళ్లీ చూడండి. ఇప్పుడు తిరిగితే లోడు సమస్య, పైన స్పిండిలు బిగుసుకుంది. అప్పటికీ తిరగకపోతే కెపాసిటర్ లేదా లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్. కెపాసిటర్ ముట్టుకునే ముందు బల్బు పెట్టిన హోల్డరు తీగలతో దాని కొసలు కలిపి ఛార్జి దించేయాలి, ప్లగ్ పీకినా అందులో షాకు మిగిలే ఉంటుంది. కొత్తది మైక్రోఫారడ్, ఓల్టులు రెండూ పాతదాని మీద రాసినట్టే ఉండాలి.

ఎండాకాలం మధ్యాహ్నాలు మోటారు బలహీనపడి బిట్టు ఆగిపోతుంటే ముందు వోల్టేజి కొలవండి. టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది: 230 ఉండాల్సింది 180 ఉంటే బలం దాదాపు 60 శాతానికి పడిపోతుంది. త్రీ ఫేజ్‌లో మోటారు మూలిగి ఆగిందంటే ఒక ఫేజు పోయి ఉండొచ్చు. ఫ్యూజులు, స్టార్టరు కాంటాక్టులు చూడండి. ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ పడిపోతోందని సెట్టింగు పెంచేయకండి, మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల దగ్గరే ఉంచండి. లైను మార్చాక బిట్టు కోయకుండా గీరుతోందా, చక్ ఎటు తిరుగుతోందో చూడండి. ఎలక్ట్రీషియన్‌తో వెనక్కి తిరుగుతుంటే రెండు ఫేజులు అటుదిటు మార్పిస్తే సరిపోతుంది. ఎర్త్ తీగ ఉందో లేదో కూడా అప్పుడే చూపించుకోండి.

అన్నీ అయ్యాక

12 ఎంఎం ప్లేటు ముక్కని వైసులో పెట్టి, కొత్తగా సాన పట్టిన 10 ఎంఎం బిట్టుతో 800 ఆర్పీఎం మీద ఒక బెజ్జం వేయండి. బెజ్జంలో 10 ఎంఎం బిట్టు కాడ జారిపోవాలి, 10.3 కాడ దిగకూడదు. దిగిందంటే మళ్లీ బిట్టు దగ్గర నుంచి మొదలు.

మేం ఏటా ఆయుధపూజకి ముందు రోజు మిషను కడుగుతాం కదా, ఆ రోజే టేపరు మీద గేజి పెట్టి రీడింగు బెల్టు గార్డు లోపలి వైపు మార్కరుతో రాసి పెడుతున్నాం. మా పిల్లర్ డ్రిల్లు గార్డు మీద వరసగా 0.02, 0.02, 0.03 ఉండి, ఆ తర్వాత ఒక్కసారి 0.07 ఉంటుంది. ఆ ఏడాదే కింది బేరింగు మార్చాం, దాని పక్కన మళ్లీ 0.02 రాసి ఉంది.